లారపింటా ఎడారి నడక: తిండి పెట్టెలు, నీళ్ల లెక్క

ఫిబ్రవరి, మొదటి వారం

తమ్ముడూ నేనూ తేదీలు ఖాయం చేసుకున్నాం. జూన్ చివర్లో మెల్‌బోర్న్ నుంచి, ఆస్ట్రేలియా నడిమధ్యన ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌కు విమానం. 1872 నాటి పాత టెలిగ్రాఫ్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, మెక్‌డొనెల్ కొండల వెంట పడమటికి, సోండర్ కొండ దాకా లారపింటా బాట మొత్తం నడవాలి. సుమారు 230 కిలోమీటర్లు, 12 సెక్షన్లు. ఆ కొండలు అక్కడి ఆదివాసులైన అరెర్న్‌టే ప్రజలవి. వాళ్లు వాటిని చొరిట్యా అంటారు, ఇప్పుడు జాతీయ పార్కు బోర్డుల మీద కూడా అదే పేరుంది.

వేసవిలో (అక్కడ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా) ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే నడిచేవాళ్లంతా మే నుంచి ఆగస్టు మధ్యలో వెళ్తారు. జూన్, జులైలలో పగలు ఇరవై డిగ్రీల చిల్లర ఉంటే, రాత్రిళ్లు సున్నా కిందికి కూడా పోతుంది. గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు మా ఇద్దరికీ ముందే ఉన్నాయి కాబట్టి ఈ డైరీలో వాటి ఊసు పెద్దగా ఉండదు. ఇక్కడ రాసుకోబోయేది రెండే సంగతులు: ఏం తింటాం, నీళ్లు ఎలా మోస్తాం.

మాది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఊరు. కరువు అంటే ఏమిటో చిన్నప్పుడే చూశాం. ఆలిస్ స్ప్రింగ్స్‌లో కురిసేది 280 మిల్లీమీటర్లు, అంటే మా ఊరి వానలో సగం. ఏ ఏటికి ఆ ఏడు అది కూడా కురుస్తుందన్న నమ్మకం లేదు. ఈ ఒక్క అంకె చూశాకే నీళ్ల పట్టిక వేయకుండా బ్యాగు సర్దకూడదని నిర్ణయించుకున్నా.

ఫిబ్రవరి, మూడో వారం

దుకాణాల్లో దొరికే ఎండు భోజనం ప్యాకెట్లు రెండు రకాలు తెచ్చి ఇంట్లోనే తిని చూశాం. ఒకటి తియ్యగా ఉంది, ఒకటి చప్పగా ఉంది, ధర మాత్రం రెండింటికీ ఘనంగానే ఉంది. రోజంతా రాళ్ల మీద నడిచి వచ్చాక గొంతు దిగాల్సింది అన్నమూ పప్పే. రాత్రి భోజనాలన్నీ ఇంట్లోనే వండి ఎండబెట్టాలని తీర్మానం. వాడిన డీహైడ్రేటర్ ఒకటి సగం ధరకు దొరికింది. వెనక ఫ్యాను, ఆరు ట్రేలు, వేడిని డిగ్రీలలో పెట్టుకునే మీట ఉన్నాయి.

అమ్మకు ఫోన్లో చూపించా. మిషన్ సంగతి పట్టించుకోకుండా నేరుగా అసలు మాట చెప్పింది: "ఎండ కంటే గాలి ముఖ్యం అమ్మీ. మన మిద్దె మింద ఒరుగులు ఎండేది ఉత్త ఎండకే కాదు, గాలి ఆడల్ల. పలచగా పరచల్ల, ఒకదానికొకటి తగలకూడదు." వేడి పెంచితే పైన గట్టి పొర కట్టి లోపల తడి అలాగే ఉండిపోతుంది. అలా మిగిలిన తడే తర్వాత బూజు అవుతుంది. అందుకే 57 డిగ్రీలు పెట్టి, ఎక్కువ గంటలు, గాలి బాగా ఆడేలా.

మార్చి

ఈ నెలంతా పప్పే. గోంగూర పప్పు ఎలా ఎండబెడుతున్నానో వివరంగా రాసుకుంటున్నా, మళ్లీ చేసేటప్పుడు పనికొస్తుంది.

కందిపప్పు మామూలు కంటే మెత్తగా ఉడికించాలి. గోంగూర, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు అందులోనే ఉడికిపోవాలి. పప్పుగుత్తితో ఒక్క పలుకు కూడా మిగలకుండా మెదపాలి. నూనె చుక్క తగలకూడదు, పోపు వేయకూడదు. నూనె ఎండదు, నిలవ ఉంటే కనరు వాసన కొడుతుంది. మెదిపిన పప్పును ట్రేలో బేకింగ్ పేపర్ మీద అట్టు పోసినట్టు రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పరచాలి. మధ్యలో కాస్త పలచగా, అంచుల్లో కాస్త మందంగా పరిస్తే అంతా ఒకేసారి ఎండుతోంది, ఎందుకంటే ముందు ఆరేది అంచులే. నాలుగైదు గంటలకు పైభాగం బీటలు వారుతుంది. అప్పుడు పేపర్ తీసేసి తిరగేసి, నేరుగా జల్లెడ ట్రే మీద వేయాలి. ముక్కను విరిస్తే టప్‌మని విరగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. విరిగిన పెంకుల్ని మిక్సీలో బరకగా ఒక్క తిప్పు తిప్పి, సీసాలో పోసి వారం రోజులు బల్ల మీదే ఉంచాలి. సీసా లోపల గోడకు ఆవిరి పడితే మళ్లీ ట్రేలోకి పోయాల్సిందే.

ఈ పొడి నాలుగు చెంచాలు, వేడినీళ్లు పోసి కలిపితే రెండు నిమిషాల్లో పప్పు అవుతోంది. గోంగూర పులుపు ఏమాత్రం పోలేదు. ఎండాక ఇంకాస్త పదునెక్కిందనే నాకు అనిపించింది. పోపు కోసం ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు విడిగా పొట్లం కట్టి, చిన్న ప్లాస్టిక్ సీసాలో నెయ్యి పెట్టుకుంటాం. అక్కడే గిన్నెలో చెంచా నెయ్యి వేసి పోపు చిటపటలాడించి, దాని మీదే నీళ్లు పోస్తే గ్యాసు అదనంగా ఖర్చు కాదు. నెయ్యి మోయడానికి ఇంకో కారణం కూడా ఉంది. 100 గ్రాముల నెయ్యిలో దాదాపు 900 కేలరీలుంటాయి. బరువుకు బరువు లెక్కేస్తే దాన్ని మించినది మన వంటింట్లో లేదు.

అన్నం ఇంకా సులువు. సోనా మసూరి పలుకుగా వండి, చల్లారాక పొడిపొడిగా విడదీసి ఎండబెట్టాం. కిలో అన్నం ఎండితే 350 గ్రాముల దగ్గరికి వచ్చింది. వంకాయ ఒరుగులు మాత్రం నానడానికి అరగంట పైనే పడుతోంది, అంత గ్యాసు, అంతసేపు ఓపిక అక్కడ ఉండవు. వాటిని పట్టికలోంచి తీసేశా. టమోటా, బెండకాయ, క్యారెట్, బఠానీ మిగిలాయి. చింతపండు గుజ్జుతో పులిహోర పేస్టు నూనె లేకుండా ఉడికించి, అప్పడంలా ఎండబెట్టి చూశాం. అద్భుతంగా వచ్చింది.

ఏప్రిల్

నీళ్ల పట్టికతో కూర్చున్నాం. ఈ ప్రాజెక్టులో గట్టిగా ఆలోచించాల్సి వచ్చింది ఇక్కడే.

బాటలో ప్రతి సెక్షన్ మొదట్లోనూ చివర్లోనూ పార్కువాళ్ల నీళ్ల ట్యాంకులుంటాయి. కొండ సందుల్లో మడుగులున్నా అవి ఏ ఏడు ఎలా ఉంటాయో చెప్పలేం, ఉన్నా శుద్ధి చేసుకునే తాగాలి. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య దూరం ఎక్కువగా ఉన్నది సెక్షన్ 9లో. సర్పెంటైన్ షాలే డ్యామ్ నుంచి ఆర్మిస్టన్ గార్జ్ దాకా 28 కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో ట్యాంకు లేదు. దాన్ని రెండు రోజులుగా విడగొట్టి నడిస్తే మధ్య రాత్రి నీళ్లు లేని చోట పడుకోవాలి. సెక్షన్ 4లో బ్రింక్లీ బ్లఫ్ మీద పడుకున్నా అంతే. 1,209 మీటర్ల ఎత్తున్న శిఖరం, పైన గాలి తప్ప ఏమీ లేదు.

లీటరు నీళ్లు కిలో బరువు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు తాగడానికే కావాలి, ఎండ ముదిరితే అంతకంటే ఎక్కువ. నెలంతా కష్టపడి తిండిలోంచి నీళ్లు తీసేశాం కదా, మరి వాటిని మళ్లీ పోయకుండా ఆ తిండి తినలేం. 150 గ్రాముల ఎండు భోజనానికి దగ్గర దగ్గర 450 మిల్లీలీటర్లు. రాగి జావ, టీ కలిపితే మనిషికి లీటరు పైనే. ట్యాంకు పక్కన పడుకున్నప్పుడు ఎండు భోజనం వరం. కొండ మీద పడుకున్నప్పుడు దాని బరువు తగ్గలేదు, డబ్బాలోంచి సీసాలోకి మారింది అంతే.

అందుకే వారాలు, వారాల్లో భోజనాలు అని వేసుకున్న పట్టికను చించేసి, ట్యాంకుల్ని బట్టి కొత్తగా రాశాం. ట్యాంకు దగ్గర గడిపే రాత్రి అన్నం, పప్పు, చారు, కడుపు నిండా. నీళ్లు లేని చోట పడుకునే రోజున మధ్యాహ్నమే, దారిలో చివరి ట్యాంకు దగ్గర ఆగి, పొయ్యి వెలిగించి పెద్ద భోజనం అక్కడే తినేయాలి. కడుపులో నీళ్లు, అన్నం నింపుకుని పైకి నడవాలి. రాత్రికి తడి అక్కర్లేనివి: టోర్టిల్లా రొట్టెలో నెయ్యి, పల్లీల పొడి, పుట్నాలు కలిపిన బొరుగుల మిక్చరు, వేరుశనగ చిక్కీ, నువ్వుల ఉండలు. పొద్దున్న కూడా జావ లేదు, ఇవే.

"అక్కా, ఇలాగైతే బ్రింక్లీ బ్లఫ్‌కు మనిషికి ఆరు బదులు ఐదు లీటర్లు చాలు" అన్నాడు తమ్ముడు లెక్కేసి. ఒక కిలో తగ్గిందంటే ఆ ఏటవాలు మీద మోకాళ్లకు తెలుస్తుంది.

మే

విక్టోరియాలోనే లిటిల్ డెజర్ట్ అని ఒక జాతీయ పార్కుంది. అందులోని డెజర్ట్ డిస్కవరీ వాక్ 84 కిలోమీటర్లు. నిజమైన ఎడారి కాదు గానీ, ఇసుక దారి, మల్లీ అనే పొట్టి యూకలిప్టస్ పొదలు, చలి రాత్రి అన్నీ ఉన్నాయి. దాంట్లో కొంత భాగం నడిచి మా పట్టికను పరీక్షించాం.

అన్నం నానడానికి ఇంట్లో పది నిమిషాలు పట్టింది, అక్కడి చలిలో పద్దెనిమిది అయినా కొన్ని మెతుకులు గట్టిగానే ఉన్నాయి. గిన్నె వేడి గాలికే పోతోంది. తిరిగొచ్చాక కారు అద్దాలకు పెట్టే వెండి రంగు షీటు కత్తిరించి, గిన్నె కొలతకు ఒక తొడుగు, దానికి మూత కుట్టా. నీళ్లు మరిగాక అన్నం వేసి, పొయ్యి ఆపి, గిన్నెను తొడుగులో పెట్టి పదిహేను నిమిషాలు వదిలేస్తే చాలు. గ్యాసు వాడకం దాదాపు సగానికి వచ్చింది. విమానంలో గ్యాసు డబ్బాలు తీసుకెళ్లనివ్వరు కాబట్టి వాటిని ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే కొనాలి. ఎన్ని కొనాలో ఈ పరీక్ష వల్లే తేలింది.

జూన్, మొదటి రెండు వారాలు

పెట్టెలు సర్దుతున్నాం. లారపింటాలో తిండి అంతా ఒకేసారి మోయక్కర్లేదు. స్టాండ్లీ కాజమ్ (ఇరుకైన కొండ సందు), ఎలరీ క్రీక్, ఆర్మిస్టన్ గార్జ్ దగ్గర ముందుగా దించి పెట్టుకునే ఏర్పాటుంది. మూత బిగుతుగా పట్టే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు తీసుకున్నాం. ఎలుకలు సంచుల్ని కొరికేస్తాయని అందరూ చెప్పేదే.

ఒక్కో రోజు తిండి ఒక్కో సంచి. సంచి మీద రాసింది వారం పేరు కాదు, నీళ్ల సంగతి: "ట్యాంకు రాత్రి" లేదా "పొడి రాత్రి". రోజుకు మనిషికి 650 నుంచి 700 గ్రాములు, సుమారు 3,000 కేలరీలు. పొడి రాత్రి సంచిలో నెయ్యి, పల్లీలు ఎక్కువ. మజ్జిగ మిరపకాయలు ఇంట్లోనే వేయించి డబ్బాలో పోశాం. అవి లేకపోతే పప్పన్నానికి అర్థం లేదని తమ్ముడి వాదన, నేను పూర్తిగా ఒప్పుకుంటా.

ఆపదలో సాయం కోరే బీకన్ ఒకటి తీసుకున్నాం. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపేది. ఆస్ట్రేలియాలో దాన్ని యజమాని పేరు మీద ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. బాటలో చాలాచోట్ల ఫోను పలకదు. ఇది లేకుండా ఆ కొండల్లోకి ఎవరూ వెళ్లకూడదని గట్టిగా చెప్తాను.

జూన్ చివర, బాట మీద

రాత్రి గుడారంలో రాస్తున్నా, కొద్దిగానే.

మొదటి సెక్షన్‌లో యూరో రిడ్జ్ మీద నడక, సాయంత్రానికి సింప్సన్స్ గ్యాప్. బండల మీద నల్లపాదాల రాక్ వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) కదలకుండా కూర్చుని ఉన్నాయి, పరీక్షగా చూస్తే తప్ప రాయికీ వాటికీ తేడా తెలియలేదు. ఇసుక మీద డింగో (అక్కడి అడవి కుక్క) అడుగులు కనిపించాయి. బూట్లు, తిండి సంచులు గుడారం లోపలే పెట్టుకుని పడుకున్నాం, డింగోలు బూట్లు కూడా లాక్కుపోతాయి.

కొండరాయి క్వార్ట్జైట్. 80 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు ఇసుక గట్టిపడి, తర్వాత భూమి ముడుచుకున్నప్పుడు నిలువుగా లేచి నిలబడింది. అంచులు కత్తుల్లా ఉన్నాయి. స్పినిఫెక్స్ గడ్డి సూదులు గుడ్డలోంచి చీలమండలో దిగుతాయి. బూట్ల మీంచి పిక్కల దాకా తొడిగే గైటర్లు వేసుకున్నందుకు బతికిపోయాం.

స్టాండ్లీ కాజమ్‌ను అరెర్న్‌టే కుటుంబాలే చూసుకుంటున్నాయి. మధ్యాహ్నం ఎండ నిట్టనిలువునా పడినప్పుడు రెండు గోడలూ ఎర్రగా వెలిగాయి. మొదటి పెట్టె తెరిచాం, అంతా భద్రంగా ఉంది. అక్కడే పొయ్యి పెట్టి గోంగూర పప్పు, అన్నం, నెయ్యి, మజ్జిగ మిరపకాయలు కడుపారా తిన్నాం. పక్కన కూర్చున్న ఇద్దరు నడకవాళ్లు వాసన చూసి ఏమిటని అడిగితే తలా రెండు చెంచాలు పెట్టాం. చెరి ఐదు లీటర్లు నింపుకుని బ్రింక్లీ బ్లఫ్ ఎక్కడం మొదలుపెట్టాం. ఏటవాలు గట్టిదే, బ్యాగు భుజాల్లోకి దిగబడింది. పైన గాలి ఎంతలా ఉందంటే పొయ్యి వెలిగించాలన్నా కుదిరేది కాదు. టోర్టిల్లా, పల్లీల పొడి, చిక్కీ తిన్నాం. ఏప్రిల్ పట్టిక పనికొచ్చింది. పొద్దున కిందికి దిగి బర్త్‌డే వాటర్‌హోల్ ట్యాంకు చేరేసరికి మనిషికి ముక్కాలు లీటరు మిగిలింది. మేం పెట్టుకున్న హద్దు అరలీటరు, అంతకు తగ్గకూడదని.

సెక్షన్ 5లో హ్యూ గార్జ్. మడుగుల్లోంచి నడవక తప్పలేదు, తొడల దాకా వచ్చింది, నీళ్లు మంచులా ఉన్నాయి. ఎండబెట్టిన తిండంతా రెండేసి జిప్పు సంచుల్లో ఉంది కాబట్టి చుక్క తగల్లేదు.

జులై మొదట్లో, ఆర్మిస్టన్ గార్జ్

సెక్షన్ 6 పొడవు, 31 కిలోమీటర్లు, రెండు కొండవరుసల మధ్య చదునుగా. దారంతా బఫెల్ గడ్డి. పశువుల మేతకూ, దుమ్ము ఆపడానికీ బయటి నుంచి తెచ్చి వేసిన గడ్డి ఇది. ఇప్పుడు ఏటి ఒడ్డులన్నీ ఆక్రమించింది. స్పినిఫెక్స్ కంటే వేడిగా, ఎక్కువసార్లు మండుతుంది. ఏట్లో రెడ్ గమ్ చెట్లు మొదళ్లలో కాలి నల్లబడి ఉండటం చూస్తే మనసుకు కష్టమేసింది. అవి వందల ఏళ్ల చెట్లు. నిప్పు పెట్టకుండా గ్యాసు పొయ్యే వాడాలన్న నియమం ఎందుకో అక్కడ నడిస్తే తెలుస్తుంది.

సెక్షన్ 8లో కౌంట్స్ పాయింట్ నుంచి చూస్తే కొండవరుసలు ఒకదాని వెనక ఒకటి పడమటికి సాగుతూ, చివర సోండర్ నీలంగా కనిపించింది. ఇదే ప్రాంతంలో 1902లో హెర్మన్స్‌బర్గ్‌లో పుట్టిన అరెర్న్‌టే చిత్రకారుడు ఆల్బర్ట్ నమట్జిరా ఈ కొండల్నే వాటర్‌కలర్లలో వేశాడు. బొమ్మల్లో ఆ ఊదా రంగు ఎక్కువైందేమో అనుకునేదాన్ని. సాయంత్రం అయిదున్నరకు చూస్తే, ఉన్న రంగే వేశాడాయన.

సెక్షన్ 9కి ముందు మధ్యాహ్నం షాలే డ్యామ్ ట్యాంకు దగ్గర పులిహోర. ఎండిన పేస్టు ముక్క వేడినీళ్లలో కరిగించి అన్నంలో కలిపి, పల్లీలు చల్లాం. ఈ నడకలో నాకు బాగా నచ్చిన భోజనం ఇదే. తర్వాత చెరి ఐదున్నర లీటర్లతో పొడి రాత్రి. మర్నాడు ఎండ కాస్త ఎక్కువగా కాసింది, ఆ అరలీటరు ఖర్చయింది. ఆర్మిస్టన్‌లో స్నానం చేసి, మూడో పెట్టె తెరిచాం.

జులై, రెండో వారం

సోండర్ కొండ, అరెర్న్‌టే పేరు రుచిప్మ, 1,380 మీటర్లు. రెడ్‌బ్యాంక్ గార్జ్ దగ్గర బరువంతా దించి, నీళ్లు, చిక్కీలతో ఎక్కి దిగాం. బాట పక్క శిఖరం దగ్గరే ఆగుతుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే ఫింక్ నది ఇసుక గీతలా కనిపిస్తుంది. వరదొస్తేనే ఏరు, మిగతా కాలమంతా మడుగులే.

జులై చివర, ఇంటి దగ్గర లెక్కలు

తిరిగొచ్చిన సంచులు తూచాం. మిగిలినవి దాదాపు అన్నీ రాగి పిండి, బాదం. చలి పొద్దున్న జావ కాచుకునే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. వచ్చేసారి పొద్దుటికి అటుకులు, పాలపొడి, బెల్లం పొడి; చన్నీళ్లు పోసినా నానతాయి. గోంగూర పప్పు రెట్టింపు కావాలి. నెయ్యి తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టి బయటికి రాలేదు, మూతి వెడల్పున్న సీసా మార్చాలి. పల్లీల పొడిలో వెల్లుల్లి తగ్గించాలని తమ్ముడి కోరిక, దానికి నేను ఇంకా ఒప్పుకోలేదు.

నీళ్ల పట్టికలో మార్చాల్సింది ఒకటే: సెక్షన్ 9కి మనిషికి ఆరు లీటర్లు, బ్రింక్లీ బ్లఫ్‌కు ఐదే. మెల్‌బోర్న్‌లోనే ఉండే మా కర్నూలు స్నేహితులు వచ్చే ఏడు మేలో వెళ్తామంటున్నారు. పట్టిక, గిన్నె తొడుగు కొలతలు వాళ్లకు పంపా. డీహైడ్రేటర్ శనివారం వచ్చి తీసుకెళ్తారు.